పింఛను కోసమేనా ఆ తిరుగుబాటు? ఉయ్యాలవాడ నరసింహారెడ్డి జీవితం



ఈ నెల జీవితకథకు ఎంచుకున్న పేరు మీకు కొత్తది కాదు. 2019లో వచ్చిన సైరా సినిమాను మీలో చాలామంది పిల్లలతో కలిసి చూసే ఉంటారు. అందులోని గుర్రాలూ కత్తులూ పిల్లలకు బాగా గుర్తుండిపోయాయి. నేను మాత్రం ఒక చిన్న లెక్కతో మొదలుపెడతాను. ఈ సాయంత్రం మీ పిల్లలకు ఇచ్చి చూడండి. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైసలు ఉన్న రోజుల్లో 35 రూపాయలను ముగ్గురికి సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఎంత వస్తుంది? పదకొండు రూపాయల పది అణాల ఎనిమిది పైసలు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి ఈస్టిండియా కంపెనీ నెలనెలా ఇచ్చిన పింఛను సరిగ్గా ఇంతే.

ఈ సంగతి క్లాసులో చెప్పినప్పుడు తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒకడు లేచి, పింఛను గొడవతో తిరగబడిన మనిషిని స్వాతంత్ర్య వీరుడని ఎందుకు అంటున్నాం మేడమ్ అని అడిగాడు. వాడు అల్లరికి అడగలేదు. అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. దానికి జవాబు చెప్పాలంటే ఆ మనిషి బతుకు మొత్తం చెప్పాలి.

ముందు పాలెగాడు అనే మాట గురించి. ఈ తరం పిల్లలకు ఆ మాట వింటే ఫ్యాక్షన్ సినిమాలో విలన్ గుర్తొస్తాడు. అసలు అర్థం వేరు. విజయనగర రాజుల కాలం నుంచీ కొన్ని ఊళ్ళను కలిపి ఒక పాలెంగా చేసి, వాటి కాపలా, శిస్తు వసూలు ఒక నాయకుడికి అప్పగించేవారు. యుద్ధం వస్తే అతను తన మనుషులతో రాజుకు సాయంగా వెళ్ళాలి. పై రాజ్యాలు మారుతూ వచ్చాయి. కింద పాలెగాడు మాత్రం అలాగే ఉన్నాడు. నరసింహారెడ్డి అలాంటి కుటుంబంలో పుట్టాడు. రేనాడు అని పిలిచే ఆ నల్లరేగడి సీమలో, ఇప్పటి నంద్యాల జిల్లాలో ఉయ్యాలవాడ ఉంది. ఆయన తల్లి వైపు వాళ్ళు నొస్సం పాలెగాళ్ళు.

1800లో నిజాం ఆ సీమనంతా కంపెనీకి రాసిచ్చేశాడు. కంపెనీ సైన్యం ఖర్చు కింద కట్టాల్సిన డబ్బుకు బదులుగా బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలు చేతులు మారాయి. అక్కడ ఉన్న జనాన్ని ఎవరూ అడగలేదు. దత్త మండలాలు అనే పేరు అలా వచ్చింది. ఆ మండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చినవాడు థామస్ మన్రో.

మన్రో పేరు మన తిరుపతి వాళ్ళకు పరాయిది కాదు. తిరుమలలో మన్రో గంగాళం గురించి మీ ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే ఉంటారు. రైతుల మీద ప్రేమ ఉన్న దొర అని రాయలసీమలో ఆయనకు మంచి పేరుంది. అది ఊరికే వచ్చిన పేరు కాదు. గుడారాలు వేసుకుని ఊరూరా తిరిగాడు, తెలుగు నేర్చుకున్నాడు. పంటలో దాదాపు సగం శిస్తుకే పోతోందని గమనించి, దాన్ని నాలుగో వంతు తగ్గించమని 1807లో పైవాళ్ళకు రాశాడు. వాళ్ళు అప్పటికప్పుడు ఒప్పుకోలేదు. అంత మంచి కలెక్టరు చెప్పినా వినని ప్రభుత్వం అది. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత అవసరమవుతుంది.

అదే మన్రో దాదాపు 80 మంది పాలెగాళ్ళను దారికి తెచ్చాడు. సైన్యాలు రద్దు చేశాడు, కోటలు తీసుకున్నాడు, లొంగినవాళ్ళకు పింఛన్లు ఇచ్చాడు. రైతు దగ్గర నుంచి నేరుగా ప్రభుత్వమే శిస్తు తీసుకునే పద్ధతి వచ్చింది. ఆ ఏర్పాటులో నరసింహారెడ్డి కుటుంబానికి మిగిలింది కూడా పింఛనే. అది తాతల నుంచి తండ్రులకు, తండ్రుల నుంచి కొడుకులకు చీలుతూ వచ్చి, ఆయన చేతికి చేరేసరికి పదకొండు రూపాయల చిల్లర అయింది. పేరుకు పాలెగాడు, ఆదాయం చూస్తే చిన్న ఉద్యోగి.

1846 ప్రాంతంలో నొస్సం వాళ్ళ పింఛను అనుభవించే వారసుడు లేక ఆగిపోయింది. అది తనకు రావాలని, కనీసం అందులో కొంతైనా ఇవ్వాలని నరసింహారెడ్డి అర్జీ పెట్టుకున్నాడు. కంపెనీ కుదరదంది. జానపదులు పాడుకునే కథలో ఇక్కడ ఒక అవమానం వస్తుంది. తన పింఛను తీసుకురమ్మని కోయిలకుంట్ల తహసీలు కచేరీకి మనిషిని పంపిస్తే, తహసీల్దారు ఆ మనిషినీ, పంపినవాణ్ణీ కలిపి తూలనాడాడట. పాట చెప్పే కథను పాటగానే తీసుకుందాం. అర్జీని తోసిపుచ్చిన మాట మాత్రం నిజం.

కథ ఇక్కడే ఆగితే మా విద్యార్థి అన్నది రైటే అయ్యేది. ఒక పెద్దింటి మనిషికి రావాల్సిన డబ్బు రాలేదు, కోపం వచ్చింది, కత్తి తీశాడు. ఇందులో దేశం ఎక్కడుంది?

కానీ కచేరీ మీదికి ఆయన వెంట వెళ్ళిన వందల మందికి పింఛను లేదు, రావాల్సిన వారసత్వమూ లేదు. వాళ్ళు ఎందుకు వెళ్ళారన్నది నాకు అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. సినిమా చూసి బయటికొచ్చిన పిల్లల్లో ఎవరికీ అది గుర్తుండదు.

వాళ్ళలో చాలామంది కట్టుబడులు. ఆ రోజుల్లో ఊరికి కాపలా కాసేవాళ్ళు, దొంగల జాడ తీసేవాళ్ళు, సర్కారు సొమ్ము ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చేటప్పుడు వెంట నడిచేవాళ్ళు కట్టుబడులు. వాళ్ళకు జీతం నోట్ల రూపంలో రాదు. ఊళ్ళో కొంత భూమిని శిస్తు లేకుండానో, నామమాత్రపు శిస్తుతోనో ఈనాంగా ఇస్తారు. పని చేసినంత కాలం ఆ భూమి పంటే వాళ్ళ జీతం. తండ్రి తర్వాత కొడుకు అదే పని చేస్తాడు, అదే భూమి దున్నుకుంటాడు. కంపెనీ తన సొంత పోలీసు ఏర్పాట్లు చేసుకున్నాక, ఇక ఈ కట్టుబడులు ఎందుకని ఈనాములు వెనక్కి తీసుకునే ఆలోచన మొదలుపెట్టింది. ఒక్కసారి ఊహించండి. మీ జీతం ఆపేయడం ఒక్కటే కాదు, మీరు నిలబడ్డ నేల కూడా మీది కాదని చెప్పడం. ఎక్కడికి పోతారు? బోయలు, వడ్డెరలు, నల్లమల చెంచులు నరసింహారెడ్డి చుట్టూ చేరారు. ఆయన సేనాని వడ్డె ఓబన్న పేరు ఈమధ్య మళ్ళీ గట్టిగా వినపడుతోంది. చాలా ఆలస్యంగానే అనుకోండి.

ఒక పెద్దమనిషి కోపం, వందల మంది పేదవాళ్ళ భయం ఒకే ఏడాదిలో కలిశాయి.

1846 జులైలో సుమారు 500 మందితో నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. అక్కడి నుంచి రుద్రవరం వైపు కదిలాడు. వాన నీళ్ళు వాగుల్లో పారే రోజులు, చేలల్లో అడుగు దిగబడే రోజులు. కంపెనీ కడప నుంచి సైన్యాన్ని పంపింది. అప్పట్లో కోయిలకుంట్ల కడప జిల్లాలోనే ఉండేది. లెఫ్టినెంట్ వాట్సన్ దళం ఆయన్ను వెంటాడింది. గిద్దలూరు దగ్గర జరిగిన పోరులో నరసింహారెడ్డి మనుషులు చాలామంది చనిపోయారు, పట్టుబడ్డారు. ఆయన మాత్రం తప్పించుకుని నల్లమల కొండల్లోకి వెళ్ళిపోయాడు. తల మీద వెల ప్రకటించారు. అడవిని, ఊళ్ళను జల్లెడ పట్టి చివరికి అక్టోబరు 6న పేరుసోముల కొండల్లో పట్టుకున్నారు. తిరుగుబాటు నిండా మూడు నెలలు.

ఆ మూడు నెలల్లో పోయిన ప్రాణాలన్నీ తెల్లవాళ్ళవి కావు. తెల్లవాళ్ళ ప్రాణం పోయిన సందర్భం వెతికినా కష్టమే. ఖజానాల దగ్గర, కచేరీల దగ్గర ఉన్నది మన తెలుగు ఉద్యోగులే. నెల జీతానికి పనిచేసే గుమాస్తాలు, బంట్రోతులు. సిపాయిలు కూడా ఈ నేలవాళ్ళే. న్యాయమైన తిరుగుబాటులో కూడా ముందుగా చనిపోయేది గేటు దగ్గర నిలబడ్డవాడు. పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు ఈ భాగం దాటేయకండి. అది దాటేస్తే చరిత్ర కాస్తా సినిమా అయిపోతుంది.

ఇక్కడ కొంచెం దూరం వెళ్ళి రావాలి. మా తొమ్మిదో తరగతిలో అమెరికా స్వాతంత్ర్య పోరాటం మీద డిబేట్ పెట్టాం. వలస ప్రజలు తమ పాలకుల మీద తిరగబడటం న్యాయమేనా అన్నది విషయం. పిల్లలు ఇంగ్లీషులో బాగా మాట్లాడారు. తమ ప్రతినిధి లేని పార్లమెంటు తమ మీద పన్ను వేయడం అన్యాయమని ఒక జట్టు, చట్టాన్ని ఎవరు పడితే వాళ్ళు ధిక్కరిస్తే సమాజం ఏమవుతుందని ఇంకో జట్టు. 1773 డిసెంబరు 16 రాత్రి బోస్టన్ రేవులో 342 పెట్టెల టీ నీళ్ళలో పారబోసిన సంగతి అందరికీ తెలుసు. ఆ టీ ఎవరిదని అడిగితే మాత్రం సగం మంది దిక్కులు చూశారు. అది ఈస్టిండియా కంపెనీ టీ. నరసింహారెడ్డికి పదకొండు రూపాయల చిల్లర ఇచ్చిన కంపెనీ, 1801 నుంచి 1843 దాకా మన తిరుమల కొండ ఆదాయ వ్యయాలు చూసుకున్న కంపెనీ, అదే కంపెనీ.

ఇంకో ముచ్చట. 1781లో యార్క్‌టౌన్‌లో అమెరికన్లకు లొంగిపోయిన సేనాని కారన్‌వాలిస్, అయిదేళ్ళకే గవర్నర్ జనరల్‌గా మన దేశానికి వచ్చాడు. 1791లో టిప్పు సుల్తాన్ మీద యుద్ధానికి బెంగళూరు వెళుతూ తన సైన్యాన్ని మొగిలి కనుమ గుండా నడిపించాడు. చిత్తూరు నుంచి పలమనేరు వెళ్ళేటప్పుడు మీరు ఎక్కే మొగిలి ఘాటే అది. ఈసారి బెంగళూరు వెళ్ళినప్పుడు పిల్లలకు చూపించండి, అమెరికా పాఠం కారు కిటికీలోంచి కనపడుతుంది.

ఇప్పుడు రెండు తిరుగుబాట్లూ పక్కపక్కన పెట్టి చూద్దాం. బోస్టన్ వాళ్ళకు సొంత శాసనసభలు ఉన్నాయి, పత్రికలు ఉన్నాయి, లండన్‌లో తమ తరఫున మాట్లాడే మనుషులు ఉన్నారు. అయినా తమ గోడు వినడం లేదని తుపాకీ పట్టారు. ప్రపంచం వాళ్ళను మెచ్చుకుంది. కోయిలకుంట్ల మనిషికి ఏముంది? ఒక అర్జీ. ఆ అర్జీ ఎవరి దగ్గరికి పోతుంది? 1816 తర్వాత మద్రాసు రాజ్యంలో శిస్తు వసూలు చేసే కలెక్టరే జిల్లా మేజిస్ట్రేటు, పోలీసు మీద అధికారీ ఆయనే. భూమి లాక్కునే చేయి, ఫిర్యాదు అందుకునే చేయి ఒకటే. మన్రో అంతటి మనిషి చెబితేనే శిస్తు తగ్గించడానికి వెంటనే ఒప్పుకోనివాళ్ళు, ఊరి కట్టుబడి చెబితే వింటారా?

అందుకే నా అభిప్రాయం దాచుకోను. ఆ తిరుగుబాటు న్యాయమైనదే. నరసింహారెడ్డి సొంత బాధతో మొదలుపెట్టాడన్నది నిజం, దాన్ని దాచాల్సిన పని లేదు. బోస్టన్ వ్యాపారులు కూడా తమ లాభనష్టాలు చూసుకునే మొదలుపెట్టారు. స్వేచ్ఛ గురించి అంత గొప్పగా రాసిన అమెరికా నాయకులు వాషింగ్టన్, జెఫర్సన్ ఇళ్ళలో బానిసలు ఉన్నారు. పాలెగాళ్ళలో కూడా రైతును పీడించినవాళ్ళు ఉన్నారు, వాళ్ళు పోయినందుకు ఊపిరి పీల్చుకున్న ఊళ్ళూ ఉన్నాయి. తిరగబడేవాడు మచ్చలేనివాడై ఉండాలని షరతు పెడితే ప్రపంచంలో ఏ తిరుగుబాటూ నిలవదు. చూడాల్సింది ఇంకొకటి ఉంది. మాట చెప్పుకోవడానికి మిగిలిన దారి ఏమైనా ఉందా లేదా అని. రేనాటి జనానికి లేదు.

మీలో కొందరికి సందేహం రావచ్చు. పిల్లలకు ఇలా చెబితే రేపు ఇంట్లో, స్కూల్లో ప్రతిదానికీ ఎదురు తిరగరా అని. నాకు ఆ భయం లేదు. అర్జీ పెట్టుకునే చోటు ఉన్నప్పటికీ, లేనప్పటికీ ఉన్న తేడా పదమూడేళ్ళ పిల్లలకు మనం అనుకున్నదానికంటే బాగా అర్థమవుతుంది.

సినిమా వచ్చాక తొలి స్వాతంత్ర్య సమరం ఇదేనని చాలామంది అంటున్నారు. 1857 కంటే పదకొండేళ్ళు ముందన్న మాట నిజమే. కానీ మొట్టమొదటిది అనడానికి లేదు. 1799లో తమిళనాట ఉరికంబం ఎక్కిన కట్టబొమ్మన తెలుగు మాట్లాడే పాలెగాళ్ళ కుటుంబం వాడే. మన చిత్తూరు సీమనే చూడండి. 1801లో నవాబు చేతుల్లోంచి కంపెనీ చేతుల్లోకి వచ్చిన చిత్తూరు పాలెగాళ్ళు 1804 నాటికే తిరగబడ్డారు. మనం రోజూ బస్సు బోర్డుల మీద చూసే పాకాల, కల్లూరు, పులిచెర్ల ఒకప్పుడు పాలెములే. వాళ్ళ మీద సినిమా రాలేదు, అంతే.

పట్టుబడ్డాక ఏం జరిగిందో క్లుప్తంగా చెబుతాను. దాదాపు వెయ్యి మంది మీద కేసులు పెట్టారు. 412 మందిని ఏ నేరమూ లేదని వదిలేశారు, 273 మందిని పూచీకత్తు మీద విడిచారు, 112 మందికి శిక్షలు పడ్డాయి. వదిలేసిన 412 అనే అంకె దగ్గర కాస్త ఆగండి. ఏ తప్పూ చేయని అన్ని వందల మందిని పట్టుకుపోయారంటే ఆ ఊళ్ళలో ఇళ్ళు ఎలా ఉండి ఉంటాయో ఆలోచించవచ్చు. నరసింహారెడ్డి మీద రాజద్రోహం, హత్య, దోపిడీ నేరాలు మోపారు. ప్రత్యేక కమిషనర్ ముందు విచారణ జరిగింది. ఉరిశిక్ష వేశారు.

1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో, కడప కలెక్టరు కాక్రేన్ సమక్షంలో, సుమారు 2000 మంది చూస్తుండగా ఆయన్ను ఉరి తీశారు. అంతటితో వదల్లేదు. తలను తీసి అందరికీ కనపడేలా వేలాడదీశారు. అది 1877 దాకా, ముప్పై ఏళ్ళు అక్కడే ఉంది. ఉరి నాడు తండ్రి భుజం మీద కూర్చుని చూసిన పిల్లవాడు పెద్దవాడై, పెళ్ళయి, తన పిల్లలను తీసుకుని ఆ దారిన సంతకు వెళ్ళేటప్పటికి కూడా అది అక్కడ ఉంది. తాను న్యాయంగానే పాలిస్తున్నానన్న నమ్మకం ఉన్న ప్రభుత్వం ఒక చచ్చిపోయిన మనిషికి ముప్పై ఏళ్ళు ఎందుకు కాపలా కాసింది? చిన్న తరగతుల పిల్లలకు ఈ సంగతి ఎంతవరకు చెప్పాలో మీ ఇష్టం. నేను ఏడో తరగతి దాటాకే చెబుతాను.

ఆ తల అలా ఉండగానే, 1866లో కరువు వచ్చింది. అదే ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి అనే రైతు తన గాదెలు తెరిచి, వేల మందికి నెలల తరబడి గంజి పోయించాడు. బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకు విక్టోరియా రాణి పేరిట బంగారు పతకం ఇచ్చింది. ఒకే ఊరు, ఒకే ప్రభుత్వం. ఒకరికి ఉరి, ఒకరికి పతకం. తమ జనాన్ని వాళ్ళ మానాన వదిలేయలేకపోయిన మనుషులే ఇద్దరూ. రేనాటి జానపద గాయకులు ఇద్దరి మీదా పాటలు కట్టారు. ఆ పాటలను, కథలను తంగిరాల వెంకట సుబ్బారావు గారు సేకరించి రేనాటి సూర్యచంద్రులు అనే పేరుతో పుస్తకంగా తెచ్చారు. ఊళ్ళో నరసింహారెడ్డి పాట వినిపించకూడదని ఏ ప్రభుత్వం అనుకున్నా, తిరునాళ్ళలో, కళ్ళాల దగ్గర అది ఆగలేదు. మనకు ఆయన బతుకు ఈ మాత్రం తెలిసిందంటే సగం కంపెనీ కాగితాల వల్ల, సగం ఆ పాటల వల్ల.

2021 మార్చిలో కర్నూలు దగ్గర ఓర్వకల్లులో కొత్త విమానాశ్రయం మొదలైనప్పుడు దానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. మీరు ఎప్పుడైనా అహోబిలం వెళితే, ఆళ్ళగడ్డ నుంచి కోయిలకుంట్ల వైపు రోడ్డు ఉంది, ఉయ్యాలవాడ ఆ వైపే. ఒక పూట కేటాయించండి. మీ ఇంట్లో తాతయ్యలో నానమ్మలో ఆ వైపు నుంచి వచ్చినవాళ్ళుంటే, నరసింహారెడ్డి పాటలో రెండు చరణాలైనా వాళ్ళకు గుర్తుంటాయి. పిల్లల చేత ఫోనులో రికార్డు చేయించి, క్లాసుకు తెమ్మని చెప్పండి. మేము వింటాం.